నైట్ డ్యూటీ ఎరగని ప్రోగ్రాము

ఒక మహాసామ్రాజ్యం కుప్పకూలిన గాథ చెబుతాను, సర్దుకుని కూర్చోండి. అంటే, సామ్రాజ్యమేమీ లేదు. జావాలో నేను రాసిన పది వరసల ప్రోగ్రాము. కూలడం మాత్రం నిజం.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. హిందీ మాట్లాడే మా ఉక్కు ఊళ్లో, సాక్చి బజారులో గిన్నెల దుకాణం పైన కంప్యూటర్ క్లాసు. సార్ ‘ఇఫ్’, ‘ఎల్స్’ చెప్పిన రోజు నాకు ఒళ్లు జలదరించింది. ఇలాగైతే ఇది చెయ్యి, లేకపోతే అది చెయ్యి అంటే యంత్రం చూసుకుని చేస్తుందట! మా ఇంట్లో నేను కూడా అంత బుద్ధిగా ఉండేవాణ్ణి కాదు.

నాన్న ఉక్కు ప్లాంటులో ఫిట్టరు. “ఆదివారం వచ్చి చూత్తాను. పనికొచ్చేదైతే చదువు, నేదంటే సోమారం నుంచి మీ మావయ్యతో వెల్డింగుకెల్లు” అన్నాడు. గమనించారా, ఇఫ్, ఎల్స్ ఆయనకు ముందే వచ్చు.

ఆయన మూర్ఛపోయేలా చెయ్యాలని షిఫ్టుల ప్రోగ్రాము రాశాను. ఎన్ని గంటలైందో అంకె కొడితే అది ఏ షిఫ్టో చెబుతుంది. ఆరు దాటిందా, ఫస్టు షిఫ్టు. లేకపోతే, పద్నాలుగు దాటిందా, సెకండు. అదీ కాకపోతే, నైటు. పొద్దుటి ఎనిమిది కొట్టి చూశాను. ఫస్టు అంది! దేవుడు ప్రత్యక్షమైనా అంత నోరు తెరవను. మిగతా గంటలు కూడా పరీక్షిస్తే యంత్రాన్ని అవమానించినట్టేనని ఊరుకున్నాను.

ఆదివారం నాన్న ఇస్త్రీ చొక్కాలో వచ్చి, చెప్పులు గుమ్మం బయట విడిచి, కుర్చీ అంచున కూర్చున్నాడు.

“ఏటడుగుతాదిరా?”

“టైమ్ డాలో నా, పాపా” అన్నాను, టైము కొట్టమని.

ఒంటి వేలితో పదిహేను కొట్టాడు. అంటే మధ్యాహ్నం మూడు. ఫస్టు షిఫ్టు, అంది యంత్రం.

నా చెవులు కొలిమిలా కాలాయి. నాన్న ఇరవై మూడు కొట్టాడు. రాత్రి పదకొండు. ఫస్టు షిఫ్టే!

“అరే బేటా, ఇరవై మూడు కూడా ఆరు దాటిందే కదా! మొదటి ప్రశ్నకే అవునని వస్తే అది రెండోదాన్ని చూడనే చూడదు” అని సార్ హిందీలో తల కొట్టుకున్నాడు. నా మొహానికి వెల్డింగు కళ్లద్దాలు వచ్చి అతుక్కున్నట్టే అనిపించింది.

నాన్న మాత్రం తెర మీంచి చూపు తిప్పలేదు. “ఒరే, పద్దెనిమిది కొట్టినా ఇదేనా?”

“హాఁ పాపా.”

“ఇన్నేళ్ల సర్వీసులో రెండు వారాలు వరసగా ఫస్టు షిఫ్టు నాకెవుడిచ్చాడురా? ఇది అడిగినోడికల్లా ఇచ్చేత్తంది! ఎంత దయగల మిషనురా! చదువుకో. చదివి దీన్ని షిఫ్టులేసే మా టైమాఫీసులో ఎట్టు.”

ఆ కీబోర్డు మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఇక పెద్ద అంకెనే ముందు అడుగుతాను. ఇరవై రెండు, తర్వాత పద్నాలుగు, ఆ తర్వాతే ఆరు.

సోమవారం నుంచి నాన్నకు నైటు షిఫ్టు.