ముప్ఫై కొన్న పడవ

"ఈతే రాదు, మీకు పడవెందుకండీ?"

భార్య అడిగిన దాంట్లో తప్పేమీ లేదు. ఇరవై రెండేళ్ళు రేవులో టికెట్లు కోసినా, లాంచీ ఎక్కితే ఇంజను పెట్టెను ఆనుకునే కూర్చునే మనిషి ఆయన. లాంచీ మీద రాసిన అంకె ప్రకారం ముప్ఫై మంది ఎక్కగానే తాడు అడ్డం కట్టేసేవాడు. ముప్ఫై ఒకటోవాడు మంత్రైనా సరే, ఒడ్డునే. అందుకే రేవంతా ఆయన్ని ‘ముప్ఫై’ అనేది. జనం దాన్ని నిజాయితీ అనుకున్నారు. కాదు, వట్టి భయం.

"ఆ అంకె పోలీసుల కోసం రాయించానయ్యా, నీకోసం కాదు," అంటూ లాంచీ యజమాని ఒకరోజు టికెట్ల సంచి లాక్కుని పంపించేశాడు. యాభై దాటిన ముప్ఫైకి వేరే పని చేతకాదు. ఇక సొంత పడవే దిక్కు.

నదికి ఎగువన, పక్క రాష్ట్రంలో, పాత పడవలు ఇక్కడికన్నా నలభై వేలు తక్కువకు వస్తున్నాయని విన్నాడు. ఇల్లు తాకట్టు పెట్టి, డబ్బు నడుముకు కట్టుకుని, మెకానిక్కైన బావమరిదిని వెంటబెట్టుకుని బస్సెక్కాడు. పన్నెండు గంటలూ చెయ్యి పొట్ట మీంచి తియ్యలేదు.

"కడుపునొప్పనుకుని కండక్టరు దింపేస్తాడు బావా, చెయ్యి తీయ్," అన్నాడు బావమరిది.

పడవ నీలంగా నిగనిగలాడుతోంది. రంగు ఇంకా వేలికి అంటుతోంది. కొత్త రంగు కింద ఏముందోనని ముప్ఫై బెంగ. అడిగితే బేరం చెడుతుందని డబ్బు లెక్కపెట్టి ఇచ్చేశాడు. లారీ మీద తేవడానికి ముప్ఫై అయిదు వేలట.

"నీళ్ళ మీద పోయేదాన్ని లారీ ఎక్కిస్తామా? రెండు పగళ్ళు, డీజిలు ఖర్చు, అంతే!" బావమరిది తేల్చేశాడు.

రెండోరోజు మధ్యాహ్నం, నది బాగా వెడల్పైన చోట, ముప్ఫైకి పాదాల కింద చల్లగా తగిలింది. చెక్కల సందున రంగు పగిలి నీళ్ళు ఊరుతున్నాయి. డబ్బాతో తోడడం మొదలుపెట్టాడు. అలవాటుకొద్దీ లెక్కపెట్టాడు.

"గంటన్నరలో మన రేవు బావా, తోడుతూ ఉండు."

ఇరవై ఎనిమిది. ఇరవై తొమ్మిది. ముప్ఫై. నీళ్ళు చీలమండ దాటాయి.

"ఒడ్డుకి తిప్పు."

"మళ్ళీ లారీయేనా? మిగిలిందంతా పోతుంది బావా!"

"తిప్పరా ఒడ్డుకి!" ఆ గొంతు తనదేనా అని ముప్ఫైకే అనుమానమొచ్చింది.

ధైర్యం చేస్తే రేవు చేరేవాళ్ళేమో. ఆ ‘ఏమో’ను తేల్చుకోవాలన్న సరదా ఆయనకు ఏనాడూ లేదు. పడవ ఇసుక లారీ మీద ఇల్లు చేరింది. వాకిట్లో భార్య దాని చుట్టూ ఒకసారి తిరిగొచ్చింది. తడి ప్యాంటు విప్పమని మాత్రం అంది.

సందులన్నీ పూడ్చాక, పడవ ఇప్పుడు రేవులో తిరుగుతోంది. దాని మీద రాసిన అంకె ఇరవై. ఆయన పదహారు దగ్గరే తాడు కడుతున్నాడు.

లారీవాడికి ఆయన ఇంకా తొమ్మిది వేలు బాకీ.