ఆరు వందల యాభై గ్రాములు

ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. లారీలు తూచే వేబ్రిడ్జిలో ముప్ఫై నాలుగేళ్లు పనిచేశాడు కాబట్టి అందరికీ కాటాయనే. పని చూస్తే బ్రహ్మవిద్యేం కాదు. గాజు గదిలో కూర్చుంటాడు. సరుకుతో లారీ వస్తే తూస్తాడు, సరుకు దింపుకుని ఖాళీగా వస్తే మళ్లీ తూస్తాడు. అందులోంచి ఇది తీసేస్తే సరుకెంతో తేలుతుంది. చీటీ చించి కిటికీలోంచి ఇస్తాడు. ఇంతోటి పనికి లోకంలో ఉన్న గర్వమంతా ఆయన ముక్కు మీదే ఉండేది. పెళ్లయిన కొత్తలో చూడ్డానికొచ్చిన భార్య తరఫు పెద్దమ్మను గుమ్మంలో ఎగాదిగా చూసి, "ఎనభైకి తగ్గదు" అన్నాడు. ఆ పెద్దమ్మ మళ్లీ ఆ గడప తొక్కితే ఒట్టు.

రిటైరైన రోజున తోటివాళ్లు ఆయనకో స్టీలు చేతికాటా బహుమతిగా ఇచ్చారు. పైన పిడి, కింద కొక్కెం, మధ్యలో ముల్లు. కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది. అప్పట్నుంచి ఆ కొక్కేనికి వేలాడకుండా ఇంట్లోకి వంకాయ కూడా రాలేదు.

అలాంటి ఇంట్లో కొడుకు ఒకరోజు, "అందరం ఓడ మీద ఐదు రోజులు తిరిగొద్దాం" అని చెప్పాడు. కోడలు సామాను సర్దుకోవడానికి సలహాలంటూ ఇంటర్నెట్లోంచి నాలుగు పేజీలు ప్రింటు తీసింది. ఆ పేజీల్లో టోపీలుండాలని, వాంతులకు మాత్రలుండాలని, ఆఖరి సాయంత్రం పెద్ద హాల్లో విందుకు అందరూ ముస్తాబై రావాలని, రబ్బరు చెప్పులతో రానివ్వరని చాలా ఉన్నాయి. కాటాయన కంటికి ఆనింది మాత్రం ఒక్కటే వాక్యం: మనిషికి ఇరవై కిలోలు. అది రేవు దాకా విమానంలో వచ్చేవాళ్ల కోసం రాసింది. వీళ్లు వెళ్లేది బస్సులో. ఆ సంగతి పైన శీర్షికలో పెద్దక్షరాల్లోనే ఉంది. కానీ ముప్ఫై నాలుగేళ్లలో ఆయన లారీ ముందు రాసిన కవిత్వం చదివాక తూచిందెప్పుడని?

పాత వేబ్రిడ్జి చీటీలు ఆయన దగ్గర కట్టలు కట్టలుగా ఉండేవి. వాటి వెనకవైపు చీటీకొకటి చొప్పున పదిహేడు సూత్రాలు రాసి, రబ్బరు బ్యాండు వేసి జేబులో పెట్టుకున్నాడు. పెట్టె అనేది ఖాళీ బండి, దాని బరువు దండగ, కాబట్టి సంచులే. పేస్టు సగం పిండేసి తేవాలి. ఒంటి మీదున్నది తూకంలోకి రాదు, కాబట్టి రెండు చొక్కాలు తొడుక్కుని బస్సెక్కాలి. జోళ్లు మనిషికి ఒక్క జతే, అదీ కాళ్లకున్నదే. ఎనిమిదేళ్ల మనవరాలు బొమ్మను చంకలో దాచుకుని, "తాతయ్యా, ఇది సామాను కాదు, మనిషి" అని వాదించింది. బొమ్మ గెలిచింది. ఆ ఇంట్లో ఆయన మీద గెలిచింది ఆ బొమ్మొక్కటే.

ఇక భార్య సంగతి. ఆవిడ ఐదు రోజులకు అడిగింది ఒక్కటే: ఎర్ర జోళ్లు. మడమ ఎత్తుగా, ముందు మూసుకుని, మెరుస్తూ ఉంటాయి. పంతొమ్మిదేళ్ల కిందట ముచ్చటపడి కొనుక్కుంది. ఇంటికి తెచ్చిన రోజు కాటాయన వాటిని చేత్తో ఎత్తి చూసి, "ఇవేసుకుని ఎక్కడికెళ్తావు, కూరగాయలకా? వేసుకెళ్లే చోటికి నేనే తీసుకెళ్తాలే" అన్నాడు. ఆవిడ నమ్మింది. పంతొమ్మిదేళ్లుగా ఆ జోళ్లు అట్టపెట్టెలో బీరువా మీద కూర్చుని, ఆ చోటు కోసం ఎదురుచూస్తున్నాయి. ఓడ అనగానే ఆవిడ మొదట స్టూలెక్కి ఆ పెట్టె దించింది.

బయల్దేరే రోజు పొద్దున ఆఖరి తూకం. ఆవిడ సంచి ఇరవై కిలోల నాలుగు వందలు చూపించింది. ఎందుకు చూపించదూ? ఇంటిల్లిపాది మందులూ, మూడు గొడుగులూ, ఆయన ఊలు దుప్పటీ అందులోనే కుక్కారు. ఆవిడ స్నానానికెళ్లిన సమయం చూసి కాటాయన సంచి తెరిచాడు. జోళ్లు కొక్కేనికి తగిలించాడు. ఆరు వందల యాభై గ్రాములు. తీసి బీరువా మీద పెట్టేశాడు. దుప్పటి వైపు చెయ్యి వెళ్లనే లేదు. తన సంచి పంతొమ్మిది కిలోల తొమ్మిది వందలు తూగింది. హాయిగా ఊపిరి పీల్చుకుని, చేతికాటాను ఆ సంచిలోనే పెట్టి మూతి కట్టేశాడు.

రేవులో సామానందుకునే మనిషి సంచులు అందుకున్నవాడు అందుకున్నట్టే బండి మీదకు విసిరేస్తున్నాడు.

"తూకం ఎక్కడయ్యా?" అన్నాడు కాటాయన, రెండు చొక్కాల్లో చెమటలు కక్కుతూ.

"ఏం తూకం?"

"మనిషికి ఇరవై కిలోలని..."

"ఇది ఓడ సార్. మీ ఇంటిని తెచ్చినా ఎక్కించుకుంటుంది."

కోడలు పక్కకు తిరిగి నవ్వింది. కాటాయన నవ్వలేదు. బీరువా మీద అట్టపెట్టె కళ్లముందు కనిపించింది. చెబుదామనుకున్నాడు. అప్పటికే భార్య ఓడను తలెత్తి చూస్తూ, "అబ్బ, ఎంతుందండీ!" అంటోంది. ఆ ముఖం చూశాక, రేపు చెబుదాంలే అనుకున్నాడు. నాలుగు రోజులూ తేలు కుట్టిన దొంగలా తిరిగాడు. సముద్రం ఏ రంగులో ఉందని అడిగితే చెప్పలేడు.

ఆఖరి సాయంత్రం రానే వచ్చింది. ఆవిడ కొత్త బట్టలు కట్టుకుని, కొడుకునీ కోడలినీ ముందు నడవమని, అడుగున పెట్టిన జోళ్ల కోసం మంచం మీద సంచి బోర్లించింది. మందులు, గొడుగులు, దుప్పటి. మళ్లీ దులిపింది. కాళ్లకున్నవి రబ్బరు చెప్పులే.

"నేనే తీసేశా" అన్నాడు కాటాయన. "నాలుగు వందల గ్రాములు ఎక్కువొచ్చింది."

ఆవిడ ఆయన సంచి కూడా మంచం మీద బోర్లించింది. చేతికాటా ఠంగుమని పడింది. ఆవిడ దాన్ని రెండు చేతులతో ఎత్తి చూసింది.

"దీన్ని తూచారా?"

"కాటాను కాటా ఎలా తూస్తుందే?"

"కేజీకి పైనే ఉంటుంది" అంది ఆవిడ. ముప్ఫై నాలుగేళ్లు తూచినవాడి పెళ్లానికి ఆ మాత్రం చేతి లెక్క తెలీదా? "నా జోళ్లు బరువు, మీ కాటా దూదా? మీరెళ్లండి. నాకు ఆకల్లేదు."

అరిచి ఉంటే బాగుండేదనిపించింది ఆయనకు. అరుపుకి ఎదురరుపు తెలుసు. దీనికేం చెయ్యాలో తెలీలేదు. సిగ్గేసింది, నిజంగా సిగ్గేసింది. గబగబా బయటికొచ్చి, జన్మలో ఎవర్నీ లారీ నంబరు తప్ప ఇంకోటి అడగని మనిషి, గదుల మధ్య నడవాలో ఎదురైన ఆడవాళ్లందర్నీ, "అమ్మా, మీ పాదం ఎంత?" అని అడగడం మొదలుపెట్టాడు. ఒకావిడ తలుపు మొహం మీదే వేసింది. ఇంకొకావిడ కాపలావాణ్ణి పిలుస్తానంది. కోడలివి చిన్నవి. మెట్ల దగ్గర, ఓడలో డాన్సులు చేసే అమ్మాయి సంచీ నిండా జోళ్లతో ఎదురైంది.

"ఎవరికి బాబాయ్?"

"మా ఆవిడకి."

"ఆవిడవేమయ్యాయి?"

"బరువని నేనే తీసేశా."

"ఎంత బరువేంటి?"

"ఆరు వందల యాభై గ్రాములు."

ఆ అమ్మాయి మెట్ల మీద కూలబడి మరీ నవ్వింది. తర్వాత ఒక ఆకుపచ్చ జత తీసిచ్చి, పొద్దున్నే తెచ్చివ్వమంది.

జోళ్లు ఆవిడ పాదానికి రెండు వేళ్లు పెద్దవి. నడిస్తే ఊడొస్తున్నాయి. కాటాయన చుట్టూ చూశాడు. దూది లేదు, కాగితం ముక్కైనా లేదు. జేబులోంచి చీటీల కట్ట తీసి, రబ్బరు బ్యాండు విప్పి, ఒక్కొక్కటే ఉండ చేసి జోళ్ల ముందు భాగంలో కూరాడు. ఎడమదాంట్లోకి ఎనిమిది సూత్రాలు పట్టాయి. కుడిదాంట్లోకి తొమ్మిది. నేల మీద కూర్చుని, తనే ఆవిడ కాలికి తొడిగాడు.

ఆవిడ లేచి నాలుగడుగులు వేసి చూసుకుంది. జోళ్లు ఊడలేదు.

"ఈ సూత్రాలు ఇన్నాళ్లకు పనికొచ్చాయి" అంది.

"ఇంటికెళ్లగానే ఆ ఎర్రవి దించుతా" అన్నాడు కాటాయన, ఇంకా నేల మీదే కూర్చుని. "ఈసారి నిజంగా వేసుకెళ్లే చోటికి..."

"అక్కర్లేదు" అంది ఆవిడ తలుపు తీస్తూ. "వెళ్లిన మర్నాడే అవేసుకుని కూరగాయలకెళ్తా."