అమ్మమ్మ పీకిన మూడు రెసిస్టర్లు

మా అమ్మమ్మ కోపంగా చూస్తే తెగిన వైరు తనంతట తానే అతుక్కుంటుంది. కరెంటు ఆమెను రెండుసార్లు ముట్టుకుంది. రెండుసార్లూ కరెంటే చచ్చింది.

చూస్తే మాత్రం నాలుగున్నర అడుగుల మనిషి. పాత కంప్యూటర్లు బాగుచేస్తుంది. ముప్పై ఏళ్ల కిందటి డిస్కులను ఇంకా తిప్పుతున్న ఆఫీసులన్నీ ఆమెనే వెతుక్కుంటూ వస్తాయి. ఆ డిస్కులు స్కసీ అనే కేబులు మీద వరసగా వేలాడుతుంటాయి. ఎనిమిదో తరగతిలోనే బడికి దండం పెట్టిన నాకు అర్థం కావాలని ఆమె ఇలా చెప్పింది.

"సంకేతం పరిగెత్తుకుంటూ వస్తుందిరా. కొసన ఆపేవాడు లేకపోతే అక్కడ తల బాదుకుని, వెనక్కి తిరిగి, తర్వాత వచ్చేదాని ముక్కు పగలగొడుతుంది. అందుకే రెండు కొసల్లోనూ దెబ్బ మింగేవాడొకడు ఉండాలి. వాడే టెర్మినేటర్."

"ఎవడైనా ఒకటేనా?"

"కాదు. పాసివ్ వాడు ఉత్త రెసిస్టర్లు. దెబ్బ మింగుతాడు గానీ, కరెంటు ఊగితే వాడూ ఊగుతాడు. యాక్టివ్ వాడికి వోల్టేజిని నిలబెట్టే చిప్పు ఉంటుంది, కాళ్లు పాతుకుని నిలబడతాడు. డయోడ్లవాడు ఇంకొకడున్నాడు. గీత దాటి వచ్చినదాని తల నరికేస్తాడు. ఎవడైనా కొసనే ఉండాలి. మధ్యలో పెట్టావో, నీ తల నేను నరుకుతా."

మధ్యలో పెట్టినవాడు ఒక ప్రింటింగ్ ప్రెస్సు ఓనరు బామ్మర్ది. తలుపంత వెడల్పు మనిషి. అక్కడ బడిపిల్లల పుస్తకాలు అచ్చువేస్తారు. అతను సొంతంగా ఒక డిస్కు తగిలించిన రోజు నుంచీ పేజీలు ముక్కలుముక్కలుగా వస్తున్నాయి. మొదట వచ్చిన మెకానిక్కును బామ్మర్ది ఇనుప స్కేలుతో కొడితే అతని పళ్లు రెండు బల్ల కింద రాలాయి. తర్వాత అమ్మమ్మను పిలిచారు. అక్కడ అచ్చు ప్లేట్లు చేసే ఆయన చెప్పినదీ, అమ్మమ్మ ఒప్పుకున్నదీ కలిపి రాస్తున్నాను.

ఆమె కంప్యూటరు మూత తీసి, మూడో డిస్కు మీద చెయ్యి వేసింది.

"దాన్ని ముట్టుకోకు. అది నేను పెట్టింది" అన్నాడు బామ్మర్ది. "చివరిది పాడైంది, దాన్ని మార్చు."

"చివరిది బాగానే ఉంది బాబూ. నువ్వే దీంతోపాటు వచ్చిన రెసిస్టర్లు పీకకుండా దీన్ని తగిలించావు. కొసల్లో ఇద్దరున్నారు, మధ్యలో ఈ మూడోవాడు. ముగ్గురూ పీల్చేస్తే సంకేతంలో ప్రాణం ఏం మిగులుతుంది?"

"నాకే నేర్పుతావా ముసలిదానా?"

"నీకు నేర్పే ఓపిక మీ అమ్మకే లేకపోయింది, నాకెక్కడిది?"

అతను ఆమె కుడి మణికట్టు పట్టుకుని, కాగితాలు కోసే మిషను దాకా ఈడ్చాడు. అరచేతిని కత్తి కింద అదిమాడు. "మిషను నడవకపోతే ఈ చెయ్యి ఇక్కడే ఉంటుంది" అన్నాడు. ఆమె విదిలించుకోబోతే రెండు వేళ్లు వెనక్కి విరిచాడు. పుల్లలు విరిగిన చప్పుడు. తాను అరవలేదంటుంది అమ్మమ్మ. వీధి చివరిదాకా వినిపించిందంటాడు ప్లేట్లాయన.

ఆమె ఎడమ చేత్తో నడుము దగ్గరున్న స్క్రూడ్రైవర్ లాగి అతని తొడలో పిడిదాకా దించింది. అతను కాగితాల కట్టల మీద కూలాడు. తెల్ల కాగితం ఎర్రబడింది. అయినా ఇనుప స్కేలు అందుకుని లేవబోయాడు. అమ్మమ్మ మోకాలితో ముక్కు మీద ఒక్కటిచ్చింది. మళ్లీ లేవలేదు.

ఆమె డిస్కు దగ్గరికి వెళ్లి, ఎడమ చేత్తోనే కటింగ్ ప్లేయర్ పట్టుకుని, దువ్వెన ముక్కల్లా ఉన్న నల్ల రెసిస్టర్లు మూడింటినీ పళ్లు పీకినట్టు పీకి అతని గుండెల మీదికి విసిరింది. స్విచ్చి వేసింది. పేజీ నిండుగా, అక్షరం చెదరకుండా వచ్చింది.

ఆ రెండు వేళ్లు మళ్లీ వంగలేదు. ఇప్పుడు చిన్న మరలను బొటనవేలికీ చిటికెన వేలికీ మధ్య ఇరికించుకుని తిప్పుతుంది. అయినా తొమ్మిదో రోజునే కట్టుతో మళ్లీ ఆ ప్రెస్సుకు వెళ్లింది. అచ్చుమిషన్లు మొదలైనప్పుడల్లా కరెంటు ఊగుతోందట, కొసనున్న పాసివ్ వాడిని తీసేసి యాక్టివ్ వాడిని పెట్టాలట. బామ్మర్ది కుంటుకుంటూ వచ్చి ఆమెకు స్టూలు వేసి, దూరంగా నిలబడ్డాడట.

నాకు ఒళ్లు మండి అడిగాను: "వేళ్లు విరిచినవాడి గడప మళ్లీ తొక్కడానికి సిగ్గు లేదటే నీకు?"

"పిల్లల పుస్తకాలు ఆ డిస్కుల్లో ఉన్నాయిరా, వాడి తొడలో కాదు. నువ్వు వాటిలో ఒక్కటైనా చదివుంటే ఈ ప్రశ్న అడిగేవాడివి కాదు."