జువ్వలదిన్నెకు ఎనిమిది పాటలతో

పొద్దున ఆరుంబావుకి నాయుడుపేటలో ప్యాసింజరు ఎక్కాను. భుజాన గిటారు, చేతిలో ఇడ్లీ పొట్లం. నాకు చదువు అంతంత మాత్రం. నేను చెబుతుంటే మా ఎదురింటి టీచరమ్మ రాసిపెడుతోంది. మాటలు నావి, కామాలు ఆమెవి.

మా ఆయన ఆర్కెస్ట్రాలో గిటారు వాయించేవాడు. ఇంట్లో ప్రాక్టీసుకి తోడు కావాలని నాకూ నేర్పాడు. ఆయన పోయి మూడేళ్ళయింది. అప్పటినుంచి జాకెట్లు కుడుతున్నాను గానీ, ఈ మధ్య సూదిలో దారం ఎక్కించాలంటే కళ్ళు మొరాయిస్తున్నాయి. ఇంకో బతుకుతెరువు చూసుకోక తప్పదు. అలాంటప్పుడు ఆ ఆర్కెస్ట్రా నడిపే రమణయ్య ఫోను చేశాడు. జువ్వలదిన్నె రేవులో కొత్త పడవను నీళ్ళలోకి దించుతున్నారట, గిటారు మనిషికి జ్వరమట.

"ఇది సరిగ్గా జరిగితే సీజనంతా నిన్నే పిలుస్తానక్కా," అన్నాడు.

"మొగుడు పోయినదాన్ని, శుభకార్యానికి వస్తే ఎవరూ ఏమీ అనరా?"

"ఎవురంటారక్కా, అంతా పడవనే గదా చూసేది!"

కొత్తవాళ్ళతో కలిసి వాయించాలనుకునే వారికి మా ఆయన చెప్పే మాట ఒకటుంది. తీగల మీద వేళ్ళ పట్లు మూడు వస్తే చాలు, ఆ మూడింటిలో ఇమిడే పాటలు ఎనిమిది రావాలి. అవి గొప్ప పాటలు కానక్కర్లేదు. పల్లవి ఎదుటివాడికి తెలిసుండాలి, అంతే. నా ఎనిమిదిలో పిల్లల్ని నిద్రపుచ్చే తొట్టెల పాట ఒకటి, మంగళహారతి ఒకటి, వాన పాట ఒకటి, అత్తాకోడళ్ళ ఎగతాళి పాట ఒకటి. మిగిలిన నాలుగూ పాత సినిమాల్లో విడిపోయినవాళ్ళు పాడుకునేవి.

గూడూరులో నిమ్మకాయల వ్యాపారి ఒకాయన ఎక్కి నా ఎదురుగా కూర్చున్నాడు.

"సంచిలో ఏందమ్మా, వీణా?"

"గిటారు."

"అయితే కొట్టు. నెల్లూరు దాకా పొద్దు పోద్ది."

విడిపోయిన పాట ఒకటి ఎత్తుకున్నాను. రెండో చరణానికి పెట్టెలో సగం మంది అందుకున్నారు. కిటికీ పక్కన ఉన్న ఒకావిడ కళ్ళు తుడుచుకుని, "బాగా ఏడిపించావు మే," అని తృప్తిగా దోసకాయ ముక్కలు పెట్టింది. వ్యాపారి రెండు నిమ్మకాయలిచ్చాడు. ఏడుపు పాటకు ఎక్కడైనా గిరాకీ ఉంటుందని ధైర్యం చిక్కింది.

తొమ్మిదికి పది నిమిషాలుందనగా బిట్రగుంటలో దిగాను. టీ తాగి షేరాటో ఎక్కాను. మనిషికి ముప్పై. మనుషులు నిండేదాకా బండి కదలదు, అరగంట పట్టింది. గిటారుకు కూడా టికెట్టు అడుగుతారు, మీరు వెళ్తే ఒళ్ళో పెట్టుకోండి.

రేవులో నీలం రంగు పడవ దుంగల మీద, పూలదండలతో పెళ్ళికూతురిలా ఉంది. కీబోర్డు దగ్గర రమణయ్య ఉన్నాడు. డ్రమ్ము ప్యాడ్లు వాయించే మస్తాన్ అల్లూరు నుంచి వచ్చాడు, అతన్ని చూడటం నాకు అదే మొదలు. "ఏ పాటలొచ్చు అత్తా?" అన్నాడు. ఎనిమిదీ చెప్పాను. పడవ యజమాని పోలయ్య పక్కనే నిలబడి విన్నాడు.

"సంద్రం ముందర విడిపోయే పాటలొద్దు తల్లీ," అన్నాడు. నాలుగు పోయాయి. "వాన గూడా వద్దు, తుపాను గ్యాపకమొస్తది." అయిదు. అత్తాకోడళ్ళ పాట అనగానే అతని పెళ్ళాం అత్తగారి వైపు చూసింది. ఆరు. "హారతి అయ్యోరు పాడతాడు." ఏడు.

"తొట్టెల పాట ఒక్కటితో పూటంతా ఎట్టా లాగేది?" అన్నాడు మస్తాన్.

"నా కీబోర్డు పెట్టెలో ఎక్కించిన పాటలుండాయి లే. అదే వాయించుకుంటది," అన్నాడు రమణయ్య.

పూజకు ముందు పోలయ్య పెళ్ళాం పళ్ళెం తెచ్చి కీబోర్డుకు, ప్యాడ్లకు, గిటారుకు పసుపు కుంకుమ పెట్టింది. నా దగ్గరకు వచ్చేసరికి నా నుదురు చూసి చెయ్యి ఆపేసింది. పోలయ్య మేనత్త ఆదెమ్మ అక్కడే ఉంది. నాతో అనలేదు, రమణయ్యతో అంది: "పడవకు ఎదురు రాకూడదు. ఆ స్పీకరు డబ్బాల ఎనక కూసోమను."

రమణయ్య సముద్రం వైపు చూశాడు. గిటారు వైరు పొడుగు సరిపోయింది కాబట్టి నేను డబ్బాల వెనక్కి వెళ్ళాను. గిటారు ముత్తైదువ, నేను దాన్ని మోసుకొచ్చిన మనిషిని.

వెనక రెండు ప్లాస్టిక్ కుర్చీలున్నాయి. పూజ మొదలవుతుండగా రెండో కుర్చీలో ఆదెమ్మ వచ్చి కూర్చుంది. అప్పుడు చూశాను, ఆమె నుదురూ బోసిగానే ఉంది.

"నువ్వు గూడానా?" అన్నాను.

"ఇరవై ఏళ్ళయింది. సంద్రంలోనే పోయినాడు."

"మరి తెలిసుండీ నన్నెందుకు ఎనక్కి పంపినావు?"

"నేనొక్కదాన్నే ఎందుకు కూసోవాల?"

కోపం తెచ్చుకుందామని చూశాను, నవ్వొచ్చింది.

హారతి అయింది, మగవాళ్ళు తాళ్ళు పట్టుకున్నారు. సరిగ్గా అప్పుడు జనరేటరు ఆగిపోయింది. పెట్టెలో పాటలన్నీ పెట్టెలోనే ఉండిపోయాయి, ప్యాడ్లూ మూగబోయాయి. మూగగా పడవ దించడం మంచిది కాదని డబ్బాల ముందువైపు గుసగుసలు మొదలయ్యాయి. రమణయ్య డబ్బాల సందులోంచి తల పెట్టాడు. "అక్కా, ఏదో ఒకటి కొట్టక్కా. లేకపోతే నీకూ నాకూ ఇదే ఆఖరు."

మిగిలింది తొట్టెల పాటే కదా, ఎత్తుకున్నాను. సముద్రపు గాలికి గిటారు మోత గజం దూరం పోలేదు. ఆదెమ్మ గొంతు కలిపింది. చేపల వేలంపాటలో ధర అరిచి అరిచి సాగిన గొంతు అది, నా శ్రుతి కంటే ఎంతో పైన ఎత్తుకుంది. ఇలాంటప్పుడు కొత్తవాళ్ళను ఆపి సరిచేయకూడదు. తీగలను నొక్కిపెట్టే క్లిప్పును మూడు మెట్లు పైకి జరిపాను, పట్లు అవే. ముందున్న ఆడవాళ్ళు అందుకున్నారు. జో అన్నప్పుడల్లా మగవాళ్ళు తాడు లాగారు. పదకొండున్నరకు పడవ నీళ్ళలో ఊగింది.

పాట ఎవరు మొదలుపెట్టారని ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. రమణయ్యకు శాలువా కప్పారు.

చేపల పులుసుతో అన్నం తిని, సాయంత్రం నాలుగింటికి బిట్రగుంటలో బండి కోసం నిలబడ్డాను. రమణయ్య దింపడానికి వచ్చాడు.

"పోలయ్యకు బాగా నచ్చిందక్కా. వచ్చే నెల అల్లూరులో గృహప్రవేశం. డబ్బాల ఎనక మంచి కుర్చీ ఏపిస్తా."

"ముందర కూర్చోబెడితేనే వస్తా."

"అదెట్టా కుదురుద్దక్కా?"

"అయితే ఆ పెట్టెనే వాయించుకోమను."

మాట అనేసి బండెక్కాను. జాకెట్ల పని ఇంకెన్నాళ్ళు సాగుతుందో నాకు తెలుసు. వెంకటాచలం దాటాక ఫోను మోగింది.

"అల్లూరోళ్ళు ఒప్పుకున్నారక్కా. ముందర కాదు, ఎనకా కాదు. పక్కకు తిరిగి కూసోవాలంట."

సరేనన్నాను. ఒక్క రోజులో వెనక నుంచి పక్కకు వచ్చాను. సీజను ఇంకా చాలా ఉంది.