తమ్ముడితో పోయిన నా గొంతు

తమ్ముడు రవి చనిపోయి నెల తిరగకముందే, ఒక పొద్దున పాలాయన పిలిస్తే పలకబోయాను. గాలి తప్ప మాట రాలేదు. జలుబేమో అనుకుని వేడినీళ్లు పుక్కిలించాను. వారం గడిచినా అంతే.

జహీరాబాద్ చుట్టుపక్కల పెళ్లిళ్లలో నేను పాడేదాన్ని, రవి ఢోలక్ వాయించేవాడు. లివర్ పాడై ఆసుపత్రిలోనే పోయాడు. అమ్మను పట్టుకోవాల్సి వచ్చి, నేను ఏడవలేదు.

ఈఎన్‌టీ డాక్టర్ గొంతులోకి సన్నని కెమెరా పెట్టి చూసే లారింగోస్కోపీ చేశారు.

"వోకల్ కార్డ్స్ నార్మల్‌గా ఉన్నాయమ్మా. గొంతులో ఏ లోపం లేకున్నా మాట రాకపోవడాన్ని ఫంక్షనల్ అఫోనియా అంటాం. దుఃఖం వల్ల కూడా వస్తుంది. నటన కాదు, మీ తప్పూ కాదు."

స్పీచ్ థెరపీకి పంపారు. థెరపిస్ట్ నన్ను దగ్గమని, ఆ దగ్గులో వచ్చే శబ్దాన్ని 'మ్' అని సాగదీయించేది.

ఇంట్లో మాత్రం పెద్దమ్మ, "గొంతు మంచిగనే ఉన్నదంట గదా! మరి గీ మొండితనమేంది?" అన్నది.

పక్కింటి రత్నక్క వాళ్లు బౌద్ధులు. ఒక ఆదివారం నన్ను బుద్ధ విహారానికి తీసుకెళ్లింది.

"నువ్వేం పలుకకు చెల్లె. జర కూసో. ఊపిరి వచ్చుడు, పోవుడు చూసుకో, సాలు."

అందరూ మాట్లాడమని ఒత్తిడి చేస్తున్న రోజుల్లో, వద్దన్నది ఆమె ఒక్కతే. కళ్లు మూసుకుంటే రవి ముఖమే కనిపించింది. వెక్కివెక్కి ఏడ్చాను. ఎవరూ ఆపలేదు.

తర్వాత ప్రతి ఆదివారం వెళ్లాను. ఒకసారి అందరూ 'బుద్ధం శరణం గచ్ఛామి' అంటూ త్రిశరణం చదువుతుంటే నా 'మ్' వాళ్ల శ్రుతిలో కలిసింది. నెమ్మదిగా మాటలూ వచ్చాయి.

రవి సంవత్సరీకం దగ్గరపడగానే గొంతు మళ్లీ మూగబోయింది. కుంగిపోయాను.

"ఒకసారి వచ్చింది, మళ్లీ వస్తుంది," అంది థెరపిస్ట్.

ఈసారి నన్నెవరూ తీసుకెళ్లలేదు. నేనే లేచి విహారానికి వెళ్లాను, థెరపీ మానలేదు. మాట తిరిగొచ్చింది.

బుద్ధ పూర్ణిమనాడు విహారంలో మైకు ముందు నిలబడి ఒక్కదాన్నే పాడాను. పైస్థాయిలో గొంతు కాస్త వణికింది, అయినా ఆపలేదు. ముందు వరుసలో అమ్మ పక్కామెతో, "నా బిడ్డనే!" అని గట్టిగా అనడం నాకు వినిపించింది.

ఇప్పుడు మళ్లీ పెళ్లిళ్లకు వెళ్తున్నాను. విహారంలో ఆడవాళ్లకు పాట నేర్పుతున్నాను. రవి గుర్తొస్తే పాట ఆపి ఏడుస్తాను, తర్వాత అందుకుంటాను.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలా మాట ఆగితే, మొండితనం అనకండి. ముందు ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించండి.