చెరువు ఒడ్డున మా అత్త చాట

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ముందు ఇది రాయి బిడ్డా, మిగిలింది తర్వాత. మన భివండీ శాంతి నగర్‌ల దయ్యం దిగినా, రాత్రింబగళ్లు బట్ట నేసే ఈ సాంచల చప్పుడుకు తెల్లారేసరికి ఊరిడిచి పోతది.

నువ్వు పుట్టకముందు ముచ్చట. బతుకమ్మ పండుగప్పుడు పెద్ద వాన పడ్డది. చెరువు మీదున్న గోదాముల బస్తాలు పలిగి, ప్లాస్టిక్ దానా అంతా కొట్టుకొచ్చింది. దానా అంటే, కరగబెట్టి బకెట్లు, మగ్గులు చేస్తరు చూడు, ఆ తెల్ల గింజలు. జొన్నలంత ఉంటయి. ఒడ్డు పొడుగూత అవే.

మున్సిపాలిటీ సాఫ్‌సఫాయి సాహెబ్ వచ్చి, సాయంత్రానికి ఒడ్డు సాఫ్ కాకుంటే ఈసారి బతుకమ్మలను చెరువుల వెయ్యనియ్యనన్నడు. తెల్లారితే సద్దుల బతుకమ్మ! ఇగ మా గల్లీ ఆడోళ్లం నూలు కండెలు చుట్టుడు బంద్ పెట్టి, చాటలు పట్టుకొని పోయినం. పక్కింటి మరియమ్మ కూడా వచ్చింది. వాళ్లకు బతుకమ్మ లేదు.

"మీ పూలు ఏడేసుకుంటే నాకేంది వదినా? చేపలు ఈ ప్లాస్టిక్ తింటే, ఆ చేపల కూర తినేది నేనే గద!" అన్నది.

నేను తీస్కపోయింది మా అత్త చాట. ఆమె ముందటేడే పోయింది. చెరుగుట్ల ఆమెను మించినోళ్లు లేరు. నేను చాట పడితే చాలు, "బియ్యం చెరుగుతున్నవా, ఊరికి పంచుతున్నవా?" అని మీద పడేది. తను చెరిగినంక ఒక పిడికెడు పిట్టలకని పక్కకు కుప్పపోసి, నడుమ బొటనవేలుతోని గుంట పెట్టేది. అది ముట్టొద్దని మాకు గుర్తు. మా ఇంట్లోళ్లకు తప్ప ఇంకెవ్వరికీ తెల్వదు.

నా చేతులకు ఇసుక, దానా కలిసే ఎగురుతున్నయి. పొద్దు వాలబట్టె. పెద్ద కుప్ప అట్లనే ఉన్నది. యాష్టకొచ్చి చాట దాని మీద పడేసిన. అందరం రోడ్డు మీది టపరీ కాడికి చాయ్ తాగ పోయినం. ఆడికెళ్లి ఒడ్డంతా కనవడుతది. ఎవ్వరు రాలే.

తిరిగొచ్చి చూస్తే ఇసుక ఒక దిక్కు, దానా ఒక దిక్కు! ఇసుకల ఒక్క తెల్ల గింజ లేదు. చాట బోర్లేసి ఉన్నది.

"నువ్వే చెరిగినవా వదినా?" అన్నది మరియమ్మ.

"నాతోని అయితదా గిది?"

"అవు, నీతోని కాదు" అన్నది. అంత జల్ది ఎందుకొప్పుకున్నదో!

గాలికి అయ్యుంటది అనుకున్న. అప్పుడు కనవడ్డది. పక్కన పిడికెడు దానా, చిన్న కుప్ప. నడుమ గుంట. గాలికి బొటనవేలుంటదా బిడ్డా?

దానా అంతా బస్తాలకెత్తినం. అత్త గుర్తు సంగతి నేను చెప్పినంక, ఆ పిడికెడు ముట్టనీకి మాత్రం ఎవ్వరికీ ధైర్యం చాలలే. సాహెబ్ వచ్చే యాళ్లయింది. ఆఖరికి నేనే వంగి మెల్లగ చెప్పిన.

"అత్తమ్మా, గివి జొన్నలు కావు. తింటే పిట్టలు సస్తయి."

చెప్పి ఎత్తిన. తెల్లారి మా బతుకమ్మలు ఆ చెరువులనే తేలినయి.

ఎవరు చెరిగిన్రో నాకిప్పటికీ తెల్వదు. దయ్యాలు లేవన్న మాట కొట్టెయ్యకు, అట్లనే ఉండనియ్యి. కాకపోతే ఆ దినం సంది చాట పట్టినప్పుడల్లా, కొంగు సర్దుకొని సక్కగ కూసుంట.