మిట్ట మీద కొమ్మ

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక సైకిలు ఉండేది. దానికి గేర్లు లేవు, తొక్కే మా తాతకు ఊపిరి లేదు. ఆ రెండూ కలిసి నన్నొకసారి అడవి దాటించాయి.

ఈ సంగతి ఇన్నేళ్ళకు గుర్తుకు రావడం మా మనవడి పుణ్యం. వాడికి సైకిలు పిచ్చి. సెలవుకు ఇల్లందు వచ్చినా ఫోనులో ఇంగ్లాండు పల్లెల దారులే చూస్తాడు. వాడి పక్కన చేరి నేనూ చూస్తాను. నేను బడి మానేసేనాటికి ఆ దేశం పాఠం ఇంకా రాలేదు, అందుకని ఇప్పుడు చదువుకుంటున్నాను. పచ్చటి మిట్టలు, మిట్టల మధ్య పల్లాలు, దారికి రెండు పక్కలా రాతి గోడలు, గోడల వెనక గొర్రెలు. దారి ఎక్కుతుంది, దిగుతుంది, మళ్ళీ ఎక్కుతుంది. ఒంటికి అతుక్కుపోయే బట్టలేసుకున్న మనుషులు వంగిపోయి తొక్కుతుంటారు. మిట్ట పైకి రాగానే సైకిలు గోడకు ఆనించి ఫోటోలు తీస్తారు.

"ఆయాసమొచ్చి ఆగిండు పాపం," అన్నాను ఒకరోజు, అలా ఆగిన ఒక తెల్లవాణ్ణి చూసి.

"కాదు నానమ్మా, అది వ్యూ పాయింట్."

"మిట్ట మిట్టకూ వ్యూ పాయింటే ఉంటదారా? పల్లంల ఒక్కటీ ఉండదా?"

వాడు నవ్వాడు. నాకు మాత్రం నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఆ తెల్లవాడు చేతిని వెనక్కి తిప్పి నడుం మీద పెట్టుకున్న తీరు అచ్చం మా తాతదే.

మా తాత బొగ్గుబావిలో పనిచేసి దిగిపోయిన మనిషి. బావి ఆయన్ను వదిలింది కానీ బొగ్గు వదల్లేదు. నాలుగడుగులు ఎత్తు ఎక్కితే ఛాతీలోంచి పిల్లనగ్రోవి వినిపించేది. ఒక ఏడు ఎండాకాలం ముందు మా అమ్మ కాన్పుకు పుట్టింటికి వెళ్ళింది. ఆ ఊరు భద్రాచలం వెళ్ళే వైపు, అడవికి అవతల. అప్పట్లో అక్కడికి బస్సు లేదు. తమ్ముడు పుట్టాడని కబురు వచ్చింది కానీ నన్ను తీసుకెళ్ళేవాళ్ళు ఎవరూ లేరు. నాన్నకు డ్యూటీ. నేను అన్నం ముందు కూర్చుని మెతుకులు అటూ ఇటూ జరిపేదాన్ని, పడుకునేటప్పుడు అమ్మ పాత చీర నెత్తిన కప్పుకునేదాన్ని. అల్లరి మానేశానని మా నాయనమ్మ భయపడింది. నేను అల్లరి మానేయడమంటే జ్వరం కన్నా పెద్ద సంగతి.

తాత సైకిలు బయటికి తీశాడు. నాయనమ్మ వాకిట్లో అడ్డం నిలబడింది.

"నీ ఊపిరికి నువ్వే బరువు. మళ్ళ పిల్లనేసుకొని పోతవా?"

"పిల్లదేం బరువే, పిడికెడు. దాని నోరే బరువు."

"పో మరి. నడుమల ఆయాసమొచ్చి ఆగినవని తెలిసిందనుకో, ఇగ జన్మల సైకిలు ముట్టనియ్య. ఏమే పిల్లా, నువ్వు చూసొచ్చి నాకు చెప్పాలె!"

అలా నేను అమ్మ దగ్గరికి బయల్దేరిన బిడ్డనూ అయ్యాను, తాత మీద కాపలా పెట్టిన పోలీసునూ అయ్యాను.

ముందు కడ్డీకి పాత తువ్వాలు చుట్టి నన్ను కూర్చోబెట్టాడు. తెల్లవారుజాము చలిగాలి, రాలిన ఇప్పపూల వాసన. దారి ఆ ఇంగ్లాండు దారిలాగే ఒక ఎక్కుడు, ఒక దిగుడు. గోడలకు బదులు టేకు చెట్లు, గొర్రెలకు బదులు కోతులు. దిగుడులో గాలికి నా జడలు వెనక్కి ఎగిరి ఆయన మొహానికి తగిలేవి. ఎక్కుడులో ఆయన ఊపిరి నా మాడు మీద వెచ్చగా తగిలేది.

మొదటి పెద్ద మిట్ట మీద కొమ్మల తల్లి ఉంటుంది. గుడి లేదు, బొమ్మ లేదు. దారి పక్కన ఎండిన కొమ్మల కుప్ప, అంతే. ఆ మిట్ట ఎక్కిన వాళ్ళెవరైనా పచ్చి కొమ్మ ఒకటి విరిచి కుప్ప మీద పెట్టి దండం పెట్టుకోవాలి. కాలినడకన వెళ్ళేవాళ్ళు, కర్ర లారీల వాళ్ళు, అందరిదీ అదే పద్ధతి. మేమూ పెట్టాం. తాత కాసేపు నిలబడ్డాడు, మళ్ళీ ఎక్కాడు.

తరువాతి మిట్ట మీద కూడా ఆగాడు. అక్కడ కుప్పా గిప్పా ఏమీ లేదు.

"ఇక్కడ గా తల్లికి చెల్లెలుంటది. పోయి మంచి కొమ్మ తే. లేతది ఉండాలె, ఆకు చినగొద్దు, పురుగు తినొద్దు."

పురుగు తినని కొమ్మ అడవిలో అంత తొందరగా దొరుకుతుందా? నేను వెతికి తెచ్చేసరికి ఆయన రాయి మీద కూర్చుని చుట్టూ చూస్తున్నాడు. కొమ్మ నేల మీద పెట్టించి దండం పెట్టించాడు. ఆ తరువాతి మిట్ట మీద తల్లికి మేనత్త వెలిసింది. ఆ తరువాత వదిన.

"ఇంకెంతమందున్నరు తాతా ఈ తల్లికి చుట్టాలు?"

"అడవెంతుందో గంతమంది. నీ పెండ్లికి పిలుద్దాం తియ్."

పొద్దు వాలేవేళకు అమ్మ ఊరు చేరాం. అమ్మ ఒడిలో నా చోటు వేరేవాడు ఆక్రమించుకున్నాడు. అయినా అమ్మ వాడిని కొంచెం పక్కకు జరిపి నాకు చోటిచ్చింది. ఆ రోజు నేను రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాను.

తమ్ముడికి మూడో నెల వచ్చాక మమ్మల్ని తీసుకెళ్ళడానికి తాతే మళ్ళీ సైకిలు మీద వచ్చాడు. మా మేనమామ బండి కట్టాడు. అమ్మ, తమ్ముడు, నేను బండిలో. తాత పక్కనే సైకిలు మీద. కోడలి ముందు ఆయనకు ఎక్కడలేని పౌరుషం. దిగుడులో బండిని దాటేసి గంట కొట్టేవాడు. ఎక్కుడు రాగానే కొంచెం కొంచెంగా వెనకబడేవాడు.

తిరుగుదారిలో మొదట వచ్చేది వదిన మిట్ట. దాని మీదికి రాగానే నేను కళ్ళప్పగించాను. వచ్చేటప్పుడు నేనొక్క కొమ్మ పెట్టిన చోట ఇప్పుడు మోకాలి ఎత్తు కుప్ప ఉంది. పైన కొత్త కొమ్మలు, ఎవరో పెట్టిన పసుపు కూడా.

"ఇదెప్పుడు పుట్టింది?" అంది అమ్మ. "నేను పుట్టి పెరిగిన తొవ్వ. ఆ పెద్ద మిట్ట మీద తప్ప యాడా లేకుండె."

"ఈ మధ్యనే వెలిసిందంటున్నరక్కా," అన్నాడు మామ బండి ఆపి, ఎడ్ల తాళ్ళు చేతికి చుట్టుకుంటూ. "మస్తు మహత్యమట. ఈడ జరసేపు నిలబడితే కాళ్ళ నొప్పులు పోతయట."

నేను వెనక్కి తిరిగి చూశాను. తాత ఇంకా మిట్ట సగంలోనే ఉన్నాడు. సైకిలు దిగి, హ్యాండిలు మీద వాలి, నోరు తెరిచి గాలి కోసం వెతుక్కుంటున్నాడు. నేను చూస్తున్నానని తెలియగానే నిటారుగా నిలబడి చెట్ల వైపు చూశాడు. తల్లి ఎవరో, చెల్లెలు ఎవరో, మహత్యం ఎవరిదో నాకు ఒక్కసారిగా అర్థమైంది. నాకే కాదు, అమ్మకూ అర్థమైంది. తమ్ముణ్ణి భుజాన వేసుకుని బండి దిగి, పురుగు తినని కొమ్మ కోసం చాలాసేపు వెతికింది. తాత పైకి వచ్చి, కూర్చుని, ఛాతీలోని పిల్లనగ్రోవి నిమ్మళించే దాకా ఆమెకు మంచి కొమ్మ దొరకలేదు.

ఆ తరువాతి మిట్ట మీద నేనే ముందు అరిచాను. "ఆపు మామా! ఇక్కడ మేనత్త ఉన్నది!"

ఇంటికి రాగానే నాయనమ్మ నా చెవి దగ్గరికి వచ్చింది. "నిజం చెప్పు. ఆయాసమొచ్చి ఆగిండా?"

"లేదు నాయనమ్మా. కొమ్మ పెట్టనీకి ఆగినం."

వెనక తాతకు దగ్గు వచ్చింది. అది దగ్గు కాదని నాకూ తెలుసు, నాయనమ్మకూ తెలుసు. సైకిలు మాత్రం ఆయన చేతుల్లోనే ఉండిపోయింది, చివరిదాకా.

ఇప్పుడా దారి వెడల్పు చేశారు. మిట్టల్ని చెక్కేశారు. బండ్లు ఆగకుండా పోతుంటాయి, కుప్పలన్నీ తారు కిందికి పోయాయి. నేను ఆ దారిన వెళ్ళినప్పుడల్లా కిటికీలోంచి చూస్తూ ఇక్కడ చెల్లెలు, ఇక్కడ వదిన అని లెక్క పెట్టుకోబోతాను. ఒక్క చుట్టం ఆనవాలు కూడా దొరకదు. మాడు మీద ఆ వెచ్చటి ఊపిరి కోసం నెత్తి మీది కొంగు తీసి కూర్చున్న రోజులు కూడా ఉన్నాయి.

నాకు మిగిలింది ఒకటే. దవాఖానా మెట్ల మీద నా వెనక ఎవరికైనా ఆయాసం వినబడితే నేను ముందు ఆగుతాను. చెప్పు పట్టీ ఊడిందంటాను. నా చెప్పుల పట్టీలు ఇన్నిసార్లు ఎందుకు ఊడతాయో మా ఇంట్లో ఎవరికీ తెలియదనుకున్నాను.

మొన్న సాయంత్రం మనవడితో కలిసి అంగడికి నడిచి వెళ్ళాను. మధ్యలో చిన్న ఎక్కుడు ఉంది, ఈ ఏడు కొంచెం పెద్దదైంది. సగానికి రాగానే వాడు ఆగి ఫోను బయటికి తీశాడు.

"ఒక్క నిమిషం నానమ్మా, ఫోటో తీసుకుంట."

అక్కడ ఉన్నదల్లా ఒక కరెంటు స్తంభం, దానికి కట్టేసిన ఒక మేక. వాడు అటు నుంచి ఒకటి, ఇటు నుంచి ఒకటి, కూర్చుని ఒకటి తీస్తున్నాడు. నేను చేతిని నడుం మీద పెట్టుకుని, పక్కన ఉన్న తంగేడు కొమ్మ ఒకటి విరిచి స్తంభం మొదట్లో పెట్టాను.

"మంచిగ తియ్యిరా," అన్నాను. "జల్దీ ఏం లేదు."